గేర్‌బాక్స్‌కి గాలి కొట్టే చేతి పంపు: కొన్ని సీజన్లు వాడాక

బోటు మోటారు గేర్‌బాక్స్‌లో లీకు ఎక్కడుందో గాలి కొట్టి పట్టే ఈ పంపును మోటారు మీద ప్రేమతో కొనలేదు, మెకానిక్‌తో వాదించే ఓపిక లేక కొన్నాను. ఆ ఒక్క పనికి మాత్రం డబ్బు వసూలైపోయింది.

మాది భీమిలి. ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ మోటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి రిపేర్లన్నీ అప్పుడే. ఏటా గేర్ ఆయిల్ దించితే పాలు ఎక్కువైన కాఫీలా వచ్చేది. ఆయిల్ పెద్దగా తగ్గేది కాదు, నీళ్లు మాత్రం చేరేవి. మోటారు నడిచి వేడెక్కిన గేర్‌బాక్స్ చల్లని నీళ్లలో ఆగితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి నీళ్లను లాక్కుంటుంది. అందుకే బయట ఆయిల్ మరక కనపడదు.

మెకానిక్ ఫ్యాను (ప్రొపెల్లర్) షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు మార్చాడు. ఆ అనుమానం న్యాయమైనదే. ఫ్యాను వెనక టంగుసు (నైలాన్ దారం) చుట్టుకుంటే సీలు అంచును కోసేస్తుంది, పైగా మేం ఇసుకలోకి ఎక్కించే బోట్లు. అయినా మళ్లీ అదే రంగు. ఈసారి షాఫ్టే అరిగిపోయింది, మార్చాల్సిందే అన్నాడు. ఆ ఖర్చు విన్నాకే పంపు తెప్పించాను.

ఆయిల్ మొత్తం దించి, కింది స్క్రూ బిగించి, పై కన్నానికి పంపు తగిలించాను. ముందు మూడు, నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మాత్రమే. కొన్ని సీళ్లు ఎక్కువ ఒత్తిడికి అంచు బిగుసుకుని నిలబడతాయి, తక్కువలోనే కారతాయి. తర్వాత పది. పదిహేను దాటితే మంచి సీలు కూడా ఊడి రావచ్చు. పంపు మీటరు ముల్లు కదల్లేదు, అంటే గాలి కారడం లేదు. ఫ్యాను తిప్పాను, కదల్లేదు. అంటే మార్చాలన్న షాఫ్ట్ మీద నేరం రుజువు కాలేదు!

అక్కడితో ఆపకుండా గేర్‌బాక్స్ మొత్తం ఊడదీసి, గాలి అలాగే ఉంచి నీళ్ల టబ్బులో ముంచాం. నిలువు షాఫ్ట్ తిప్పితే ఏమీ లేదు. గేరు మార్చే రాడ్డును పైకీ కిందికీ ఆడించగానే దాని పక్క నుంచి బుడగలు. కదలకుండా ఉంటే నిలబడుతోంది, గేరు వేసినప్పుడల్లా వదులుతోంది. అక్కడున్నది చిన్న ఓ-రింగు (రబ్బరు వలయం). మార్చాం. తర్వాతి నిషేధంలో దించిన ఆయిల్ ఆయిల్‌లాగే వచ్చింది. మెకానిక్ ఏమీ అనలేదు, కానీ ఇప్పుడు తనే వచ్చి పంపు అడిగి తీసుకెళ్తున్నాడు.

ఆ ఊపులో ఒడ్డున అందరికీ ఈ పంపుకి దొరకని లీకే లేదని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించుకుంటాను. పంపు గాలిని లోపలి నుంచి బయటికి తోస్తుంది, నీళ్లేమో బయటి నుంచి లోపలికి వస్తాయి. ఫ్యాను షాఫ్ట్ మీద మామూలుగా రెండు సీళ్లుంటాయి, ఒకటి ఆయిల్‌ని ఆపడానికి, ఇంకొకటి నీళ్లని ఆపడానికి. బయటిది పాడై లోపలిది బాగుంటే ముల్లు హాయిగా నిలబడుతుంది. మా పక్క బోటు సంగతి అదే. గాలి పరీక్షలో నెగ్గింది, ఆయిల్ మాత్రం తెల్లబడుతూనే ఉంది. చివరికి గాలి లాగే వాక్యూమ్ పంపుతోనే తేలింది.

ఇంకొకటి, ఉప్పుగాలికి నా మీటరు ముల్లు ఇప్పుడు సున్నాకి రావడం లేదు. పంపు తగిలించే చోట వాషరే కారి, గేర్‌బాక్స్ కారుతోందని భ్రమ పెడుతుంది. ముందు అక్కడ సబ్బునీళ్లు చల్లి చూసుకోండి. గేర్ స్క్రూల వాషర్లు ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. చాలామంది లీకు అక్కడే తీరిపోతుంది, పంపు అవసరమే పడదు.

నాకు ఒకటే మోటారు, మంచి మెకానిక్ అంటే విశాఖ దాకా వెళ్లాలి, చేతికి జిడ్డు అంటినా బాధ లేదు. ఇలాంటివాళ్లు కొనుక్కోవచ్చు. వారంటీలో ఉన్న మోటారైతే మీరు విప్పకపోవడమే మేలు. నేను మీటరు మాత్రం మార్చుకుంటాను. వాక్యూమ్ పంపు కూడా కొనాలా వద్దా అన్నది వచ్చే ఏప్రిల్‌లో దించే ఆయిల్ రంగు చూశాకే.