తొమ్మిదో తరగతికి స్క్రాచ్ మేలా, పైథాన్ మేలా?

మాది నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేను గణితం చెబుతాను. కంప్యూటర్ టీచర్ పోస్టు లేదు కాబట్టి వారానికి రెండు పీరియడ్లు ఆ పాఠం కూడా నాదే. తొమ్మిదో తరగతిలో 38 మంది ఉన్నారు, పనిచేసే కంప్యూటర్లు ఆరు. తరగతిని రెండు జట్లుగా చేసి పంపినా ఒక్కోదాని ముందు ముగ్గురు కూర్చోవలసిందే.

పిల్లలకు ప్రోగ్రాం రాయడం దేనితో మొదలుపెట్టాలని పక్క మండలాల టీచర్లు తరచూ అడుగుతుంటారు. ఎవరిని కదిలించినా ముందు ముక్కలు అతికించి ప్రోగ్రాం చేసే స్క్రాచ్, తర్వాత ఎప్పుడో అక్షరాలు టైపు చేసి రాసే పైథాన్ అంటారు. రెండేళ్లు స్క్రాచ్, రెండేళ్లు పైథాన్ చెప్పి చూశాక నాకు ఆ సలహా మీద నమ్మకం తగ్గింది. పిల్లకొక కంప్యూటర్ ఉన్న బడికి అది సరిపోతుంది. ముగ్గురికి ఒకటి ఉన్నచోట లెక్క మారుతుంది.

స్క్రాచ్ మంచితనాన్ని మాత్రం తక్కువ చేయను. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ దాన్ని 2007లో విడుదల చేసింది. 8 నుంచి 16 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసిన పనిముట్టు. రంగురంగుల ముక్కలను మౌస్‌తో లాగి ఒకదాని కింద ఒకటి అతికిస్తే తెర మీద నారింజ రంగు పిల్లి నడుస్తుంది. పొసగని ముక్కలు అసలు అతుక్కోవు, కనుక అక్షరం తప్పిందని కంప్యూటర్ మొండికేసే ప్రసక్తే లేదు. కీబోర్డు మీద ఒక్క అక్షరం వెతుక్కోవడానికి అర నిమిషం తీసుకునే పిల్ల కూడా మొదటి పీరియడ్‌లోనే పిల్లిని గెంతిస్తుంది. ఆ ముఖంలో వెలుగు చూసిన ఏ టీచరూ స్క్రాచ్‌ను కాదనలేరు.

ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం అనే భావం స్క్రాచ్‌లో వచ్చినంత సులువుగా ఇంకెక్కడా రాదు. నోరు తెరిచినట్టుండే ఒక ముక్కలో సంఖ్య వేసి, చేయవలసిన పనిని దాని కడుపులో పెడితే చాలు. అది చెబుతుంటే పోచంపల్లి వైపు నుంచి వచ్చి అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటున్న ఒక అబ్బాయి లేచి, "టీచర్, ఇది ఆసు పోయడమే కదా" అన్నాడు. చీరకు నూలు సిద్ధం చేసేటప్పుడు మేకుల చుట్టూ దారం తిప్పే పని అది. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి ఆడించాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారనీ, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందనీ ఆ రోజు తరగతికి చెప్పాను. ఒక మనిషి చేయి వేల సార్లు చేసే పనిని ఒక్కసారి చెప్పి యంత్రానికి అప్పగించడమే ప్రోగ్రాం అని నేను వేరే వివరించనక్కర లేకపోయింది.

అంత బాగున్నదాన్ని ఎందుకు వదిలానంటే, మౌస్ ఒక్కటే. ముగ్గురిలో చురుకైనవాడి చేతిలోకి అది వెళుతుంది, మిగిలిన ఇద్దరూ ప్రేక్షకులవుతారు. మా గదిలో ఆ ఇద్దరూ ఎక్కువగా ఆడపిల్లలే కావడం నన్ను బాధపెట్టింది. వంతులు వేస్తే ఒక్కొక్కరికి పదమూడు నిమిషాలు. ఇక గంట కొట్టగానే పాఠం గదిలోనే ఉండిపోతుంది. ఆ రంగు ముక్కలను నోటుపుస్తకంలో గీసుకోమంటే బొమ్మ వేయడంతోనే సరిపోతుంది. కరెంటు పోతే ఆ పీరియడ్ పోయినట్టే.

పైథాన్‌ను కాగితం మీద రాయవచ్చు. నా మొగ్గు అటు తిరగడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1991లో బయటికి తెచ్చిన ఈ భాషలో చిన్న ప్రోగ్రాం అంటే అయిదారు వరుసలు. నల్లబల్ల మీద రాస్తే 38 మందీ ఎక్కించుకుంటారు. ఏ వరుస తర్వాత ఏ చరరాశి విలువ ఎంత అవుతుందో పక్కన పట్టిక వేసి పూరిస్తారు. కంప్యూటర్ గదిలోకి వెళ్లాక ఒకరు చదువుతారు, ఒకరు టైపు చేస్తారు, మూడోవారు నోటుపుస్తకంతో సరిపోల్చి తప్పులు పడతారు. ముగ్గురికీ పని ఉంటుంది. కరెంటు పోయినా పాఠం ఆగదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పైథాన్ 3లో చరరాశుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. తెర మీద చూపమనే ప్రింట్, అడిగి తీసుకోమనే ఇన్‌పుట్ వంటి కొన్ని మాటలు ఇంగ్లిషులో ఉండక తప్పదు కానీ, కిలోలు, రేటు, కూలి అని మన లిపిలో రాస్తే కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడం కష్టమైనా కాగితం మీద ఆ ఇబ్బంది లేదు.

పోయిన ఏడాది పత్తి ఏరే రోజుల్లో ఒక అమ్మాయి ఇంటి లెక్కను ప్రోగ్రాంగా రాసుకొచ్చింది. అమ్మ ఏరిన కిలోలు, అక్క ఏరిన కిలోలు అడిగి తీసుకుని, కలిపి మొత్తం చూపాలి. అమ్మకు 12, అక్కకు 9 ఇచ్చింది. తెర మీద 129 వచ్చింది. గది మొత్తం నవ్వింది కానీ ఆ అమ్మాయి నవ్వలేదు. నోటుపుస్తకం, తెర మార్చి మార్చి చూసి, "టీచర్, ఇది కలపలేదు, పక్కపక్కన పెట్టింది" అంది. అసలు కారణం అదే. ఇన్‌పుట్‌తో తీసుకున్నది అంకెలా కనిపించినా పైథాన్‌కు అది అక్షరాల వరుస. సంఖ్యగా మార్చమని మనమే చెప్పాలి. ఇంట్ అనే మాట రెండు చోట్ల చేర్చి మళ్లీ నడిపితే 21 వచ్చింది.

స్క్రాచ్‌లో ఈ పొరపాటు జరగదు. అక్కడి కూడిక ముక్క తనంతట తానే సంఖ్యగా తీసుకుంటుంది. పిల్లలకు అది హాయి అనుకునేవారు ఉంటారు. నా దృష్టిలో ఆ 129 ఒక్కటే నెల రోజుల పాఠం. మన మనసులో ఉన్నది యంత్రానికి తెలియదనీ, చెప్పినదే చేస్తుందనీ ఆ తరగతికి ఆ రోజు అర్థమైంది.

పైథాన్‌తో తిప్పలు లేకపోలేదు. కొన్ని వరుసల చివర పెట్టవలసిన రెండు చుక్కలు (:) మరిచినా, కింది వరుసలను లోపలికి జరపకపోయినా ఎర్రటి ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. పిల్లలు బెదిరిపోతారు. మొదటి మూడు వారాలూ ఆ ఎరుపును చదివించడానికే కేటాయించండి. చివరి వరుస చూడమనండి, ఎన్నో వరుసలో తప్పుందో చూడమనండి. ఎక్కం రాయించేటప్పుడు, వరుసగా లెక్కించమనే రేంజ్(1, 10) అంటే 10 దాకా పోకుండా 9 దగ్గరే ఆగిపోవడం మరొక చిక్కు. గణితం టీచరుగా నాకు అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మాత్రం సమాన గుర్తు. ఎక్స్ = ఎక్స్ + 1 అని రాస్తే, ముందు పీరియడ్‌లో సమీకరణాలు చెప్పిన నేనే అబద్ధం రాసినట్టు చూస్తారు. ఎక్స్‌ను 1 పెంచు అని నేరుగా చెప్పే స్క్రాచ్ ముక్క ఇక్కడ ఎంతో నయం. బాణం గుర్తు గీసి, కుడివైపు విలువను ఎడమవైపు డబ్బాలో వేస్తున్నామని చెప్పి గట్టెక్కాను.

బడుల్లో విండోస్ 7 ఉన్న పాత యంత్రాలే ఎక్కువైతే ఒక జాగ్రత్త. వాటి మీద పైథాన్ 3.8 వరకే నడుస్తుంది, 3.9 నుంచి ఎక్కదు. ఆ పాత కూర్పు 30 ఎంబీ లోపే కాబట్టి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించవచ్చు, నెట్ అవసరం లేదు. స్క్రాచ్ 3 డెస్క్‌టాప్ కూర్పుకు విండోస్ 10 కావాలి. పాత యంత్రానికి స్క్రాచ్ 2 లేదా 1.4తో సరిపెట్టుకోవాలి. కంప్యూటర్ పీరియడ్ అంటే ఉత్తరం టైపు చేయించడం, పెయింట్‌లో జెండా గీయించడం అనుకునే మూడో దారి ఒకటి ఉంది. అది అక్కరకొచ్చే నేర్పే, కానీ ఏడాదంతా దానికే ఇవ్వడం పిల్లలకు అన్యాయం.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో కంప్యూటర్ లేదు. అందుకే ఈ పీరియడ్లను ఇతర పాఠాలకు లాగేసుకుంటారు. చేతికి మిగిలేవి కొద్ది గంటలే గనుక నా సలహా ఇది. ఎనిమిదో తరగతిలో నాలుగు వారాలు స్క్రాచ్ చెప్పండి, భయం పోయి మళ్లీ మళ్లీ చేయించడం పట్టుబడే వరకు. తొమ్మిదిలో పూర్తిగా పైథాన్, అదీ నోటుపుస్తకంలో ముందు, తెర మీద తర్వాత. రెండిటికీ వీలు లేకపోతే పైథాన్ ఒక్కటే తీసుకోండి. పనిచేసే కంప్యూటర్లు ఆరు కాకుండా రెండే ఉన్నా ఈ మాట మార్చను.

పత్తి లెక్క రాసిన అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మొన్న ఆ ప్రోగ్రాంలో కిలోకు రేటు కూడా చేర్చి, వారం కూలి మొత్తం వచ్చేలా రాసుకొచ్చింది. గురువారం ఆమె జట్టు వంతు. నడిపి చూడాలి.