సికింద్రాబాద్ క్లియరింగ్ ఆఫీసు: మా పచ్చళ్ళు విశాఖ రేవు దాటిన తీరు

చర్లపల్లిలో మాకు చిన్న పచ్చళ్ళ యూనిట్ ఉంది. తొమ్మిది మంది ఆడవాళ్ళం. ఆవకాయ, గోంగూర, పండుమిర్చి, ఇంకా మూడు రకాల పొడులు చేస్తాం. మెల్‌బోర్న్‌లో మనవాళ్ళ కిరాణా షాపులకు సరుకు వేసే ఒకాయన మా దగ్గర కొంటున్నాడు. ప్యారడైజ్ దగ్గర సందులో, మొదటి అంతస్తులో ఉన్న ఈ క్లియరింగ్ ఆఫీసు (ఎగుమతి కాగితాలు, కస్టమ్స్ పని చూసి సరుకు ఓడ ఎక్కించేవాళ్ళు) ద్వారా ఇప్పటికి మూడు కంటైనర్లు పంపాం. మాలాంటి చిన్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

అంతకుముందు మొదటిసారి వేరే ఏజెంటు చేతిలో పెట్టాం. ఎల్.సి.ఎల్. చౌక అన్నాడు. అంటే మన అట్టపెట్టెలు ఇంకో నలుగురి సరుకుతో కలిసి ఒకే కంటైనర్ డబ్బాలో వెళ్తాయి. పెట్టెల కింద పెట్టే చెక్క ప్యాలెట్లకు వేడి పట్టించి, గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర వేయించాలని ఆయన మాకు చెప్పనే లేదు. చెక్కలో దాక్కున్న పురుగు దేశం దాటకుండా పెట్టిన నియమం అది. చెక్క నడిమధ్యలో కూడా 56 డిగ్రీల వేడి అరగంట నిలవాలి. ఆ ముద్ర లేక సరుకు మెల్‌బోర్న్‌లో ఆగిపోయింది. మందు పొగ పెట్టినందుకు ఒక బిల్లు, గోదాములో ఉంచినందుకు ఇంకో బిల్లు. పదహారు రోజులు టెన్షన్‌తో నాకు నిద్ర లేదు. తీరా తలుపు తీస్తే పై వరస పెట్టెలు తడిసి, లేబుళ్ళు ఊడి ఉన్నాయి. వాన పడలేదు, సముద్రపు నీళ్ళు రాలేదు. మరి ఆ తడి ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు.

దానికి జవాబు ఈ ఆఫీసులో దొరికింది. ఇక్కడ ఒక పెద్దాయన ఉన్నారు, విశాఖ మనిషి. రేటు మాట్లాడకముందే మా యూనిట్‌కి వచ్చారు. సీసా బోర్లించి మూత చూశారు, అట్టపెట్టె చేత్తో నొక్కి చూశారు. "అమ్మా, ఇనుప డబ్బా పగలు ఎండకి కాలిపోతుంది, రాత్రి చల్లారుతుంది. లోపలి తేమంతా పైకప్పుకి చెమటలా పట్టి, చుక్కలు చుక్కలుగా కిందకి రాలుతుంది. మీ లేబుళ్ళు ఊడింది అందుకే" అన్నారు. డబ్బా గోడలకు తేమ పీల్చే సంచులు వేలాడదీయమన్నారు. పై వరస మీద క్రాఫ్ట్ పేపరు పరవమన్నారు. మూత కింద రేకు సీలు వేయకుండా ఆవకాయ పంపవద్దని గట్టిగా చెప్పారు. వేడికి నూనె పొంగి మూత అంచు నుంచి కారుతుందట.

ఖాళీ కంటైనర్ వచ్చిన రోజు ఆఫీసు కుర్రాడు చేసిన పని నాకు బాగా నచ్చింది. "అక్కా, ఒక్క నిమిషం లోపలికి రండి" అని, ఇద్దరం లోపల ఉండగా తలుపులు వేయించాడు. చీకట్లో తల ఎత్తి చూడమన్నాడు. ఎక్కడైనా సూది మొనంత వెలుగు కనబడితే అక్కడ చిల్లు ఉన్నట్టు. మొదటి డబ్బాలో ఒక మూల కనబడింది. దాన్ని అప్పటికప్పుడు తిప్పి పంపేసి, సాయంత్రానికి ఇంకొకటి తెప్పించాడు. బరువు లెక్క కూడా అతనే నేర్పాడు. ఇరవై అడుగుల డబ్బా తలుపు మీదే అన్నీ రాసి ఉంటాయి: మొత్తం 30,480 కిలోల దాకా, అందులో ఖాళీ డబ్బా బరువే 2,200 చిల్లర. పచ్చడి బరువైన సరుకు కాబట్టి డబ్బా నిండకముందే బరువు నిండుతుంది. ఆ బరువంతా ఒకవైపే పడకుండా నేల మొత్తం సమంగా పేర్చాలి. 2016 జులై 1 నుంచి, తూచిన బరువు కాగితం లేకపోతే ఏ దేశపు కంటైనర్‌నీ ఓడ ఎక్కించకూడదు. ఆ కాగితం, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే కాగితం), డబ్బా తలుపుకి వేసిన సీలు నంబరు ఫొటో, మూడూ నా ఫోనుకి వచ్చాకే లారీ కదిలింది.

రెండో డబ్బాకి నేనూ విశాఖ వెళ్ళాను. టెర్మినల్ లోపలికి ఊరికే పోనివ్వరు. పెద్దాయన నన్ను రాస్ హిల్ ఎక్కించారు. పక్కపక్కనే మూడు చిన్న కొండలు, గుడి, దర్గా, చర్చి. ఓడలు రేవులోకి వచ్చే కాలువకు అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆ కొండ అడ్డంగా నిలబడి ఉండబట్టే లోపలి రేవులో ఓడలకు తుపాను దెబ్బ తక్కువట. మేం చర్చి మెట్ల మీద ఉండగానే ఒక ఓడ వచ్చింది. దాన్ని లాగే చిన్న పడవలు, ముందొక టగ్గు, వెనకొక టగ్గు, మనిషి నడకంత మెల్లగా. ఆ కాలువలోంచి అంత పెద్ద ఓడ వెళ్తుంటే నాకు ఊపిరి ఆగినంత పనైంది.

ఆయన తండ్రి ఆ రేవులో ఖలాసీ. మాంగనీసు రాయి మోసేవాడట. రాయపూర్ నుంచి రైలు మార్గం పూర్తయ్యాక ఆ రాయికి సముద్రం దారి దొరికింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రావడంతో రేవు మొదలైంది. ఇసుక కొట్టుకొచ్చి కాలువ నోరు పూడిపోకుండా, అలల ధాటి తగ్గించడానికి, రెండు పాత ఓడల్ని కావాలని అక్కడే ముంచేసి గోడలా చేశారు. అందులో ఒకదాని పేరు జానస్. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పెద్ద ఓడల్లో పంపాలంటే లోపలి రేవు లోతు చాలక, 1970లలో బయటి హార్బర్ కట్టారు. మా పచ్చళ్ళ డబ్బా ఎక్కేదీ ఆ బయటి హార్బర్లోనే. కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది. "మా నాన్న గంపలతో మోశాడు, ఇప్పుడు మీ డబ్బాని క్రేను ఓ రెండు నిమిషాల్లో ఎత్తేస్తుంది" అన్నారాయన. గోల్కొండ రోజుల్లో మన సరుకు మచిలీపట్నం రేవుకి బండ్ల మీద వెళ్ళేదని, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ కోఠీ, అంటే వ్యాపార కేంద్రం, పెట్టారని కూడా చెప్పారు. హైదరాబాద్‌కి సముద్రం లేదన్న దిగులు నాకు ఆ రోజు తగ్గింది.

లోపాలూ చెప్పాలి. ఫీజు బయటి రేటు కన్నా కొంచెం ఎక్కువ. బిల్లులో ఏ చార్జీ దేనికో అడిగితే గానీ విడదీసి చెప్పరు. అడిగితే మాత్రం ఓపికగా చెప్తారు. పెద్దాయన లేని రోజు కొత్తవాళ్ళ ప్రశ్నలకు జవాబు ఆలస్యమవుతుంది. రేవులో డబ్బా దిగబెట్టే గడువు గురించి మీరే ముందు రోజు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. ఆ గడువు దాటితే ఓడ మీకోసం ఆగదు, తర్వాతి ఓడ వచ్చేదాకా అద్దె మీదే. పది, పదిహేను పెట్టెలే పంపేవాళ్ళకి మాత్రం ఇక్కడ ఖర్చు గిట్టుబాటు కాదు.

మూడో డబ్బా తలుపు తీసినప్పుడు మెల్‌బోర్న్ ఆయన వీడియో పంపాడు. గోడలకు కట్టిన సంచులు నీళ్ళు తాగి ఉబ్బి వేలాడుతున్నాయి. పై వరస పెట్టెలు మేం పేర్చినట్టే పొడిగా ఉన్నాయి. ఆ వీడియో యూనిట్లో అందరికీ చూపించాను. కొత్త ఆవకాయ కలిపాక నాలుగోది కూడా వీళ్ళ చేతికే ఇస్తున్నాం.