హనుమకొండలో దొరికే వైర్‌లెస్ సౌండ్ అలర్ట్ కిట్టు: రేడియో బాగుంది, మైకు మార్చాలి

హనుమకొండలో ప్రాజెక్టు సామాన్లు అమ్మే షాపులో పాలిటెక్నిక్, బీటెక్ పిల్లల కోసం వైర్‌లెస్ సౌండ్ అలర్ట్ కిట్టు ఒకటి పెట్టారు. ధర 1,200 లోపే. ఒక గదిలో చప్పుడైతే ఇంకో గదిలో ఉన్న పెట్టె మోగాలి. వినికిడి లేని తల్లికి తొట్టెలలో పాప ఏడుపు తెలియాలని దీని ఉద్దేశం. ఉద్దేశం చాలా మంచిది. అందుకే దీన్ని ల్యాబ్ బల్ల మీద చప్పట్లు కొట్టి చూసి వదిలేయకూడదు, ఆ ఇంట్లో పెడితే పనిచేస్తుందా అని చూడాలి. ఉన్నది ఉన్నట్టు బిగిస్తే వైవా వరకు సరిపోతుంది గానీ, ఇంటికి సరిపోదు. కొద్ది భాగాలు మారిస్తే మాత్రం నిజంగా పనికొచ్చే వస్తువు అవుతుంది.

ముందు బాగున్న సంగతి. రేడియో భాగం పద్ధతిగా చేశారు. 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్‌కు ముందు హెచ్‌టీ12ఈ ఎన్‌కోడర్ (సిగ్నల్‌ను కోడ్‌గా మార్చే ఐసీ), రిసీవర్ తర్వాత హెచ్‌టీ12డీ డీకోడర్ (ఆ కోడ్‌ను సరిచూసే ఐసీ) ఇచ్చారు. చవక కిట్లలో ఈ రెండు ఐసీలు ఎగరగొట్టి, రిసీవర్ డేటా పిన్నునే బజర్‌కు కలిపేస్తుంటారు. ఆ తరహా రిసీవర్ సిగ్నల్ లేనప్పుడు కూడా ఊరికే నాయిస్ కక్కుతూనే ఉంటుంది కాబట్టి బజర్ గరగరమంటూ ఉంటుంది. డీకోడర్ ఉంటే వరసగా మూడుసార్లు అదే కోడ్, అదే అడ్రస్ (జతను గుర్తించే నంబరు) వస్తేనే 17వ పిన్ను, అంటే సరైన కోడ్ వచ్చిందని చెప్పే వీటీ, హై అవుతుంది. కొనేటప్పుడు ట్రాన్స్‌మిటర్ మీది గుండ్రటి లోహపు డబ్బీ చూడండి. ఆర్433 అని ఉండాలి. ఆర్315 ఉంటే తీసుకోవద్దు. అది ఈ రిసీవర్‌తో కలవదు, పైగా మన దేశంలో తక్కువ పవర్ పరికరాలకు 433-434 బ్యాండులో లైసెన్సు అక్కర్లేదు.

బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు రెసిస్టర్ల దగ్గరే. ఎన్‌కోడర్ ఆసిలేటర్‌కు (ఐసీ వేగాన్ని నిర్ణయించే భాగం) 1 మెగా ఓమ్ (గోధుమ, నలుపు, ఆకుపచ్చ), డీకోడర్‌కు 51 కిలో ఓమ్ (ఆకుపచ్చ, గోధుమ, నారింజ) వేయాలి. డీకోడర్ ఆసిలేటర్ ఎన్‌కోడర్ కంటే సుమారు 50 రెట్లు వేగంగా తిరగాలి కాబట్టి ఈ రెండూ తారుమారైతే వీటీ ఎప్పటికీ లేవదు. ఐసీలు రెండూ 18 కాళ్లవే, చూడటానికి ఒకేలా ఉంటాయి. మీద రాసింది చదివే గుచ్చండి. ట్యూబ్‌లైటు వెలుతురులో గోధుమా నారింజా ఒకటే అనిపిస్తాయి, మల్టీమీటరుతో కొలవడం మేలు.

అసలు లోపం మైకు దగ్గర ఉంది. ఇచ్చింది ఎల్ఎం393 ఉన్న మూడు పిన్నుల చిన్న సౌండ్ బోర్డు. ఎల్ఎం393 రెండు వోల్టేజీలను పోల్చే కంపారేటర్ మాత్రమే, సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్ కాదు. కండెన్సర్ మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. దాన్ని పెంచకుండా నేరుగా పోల్చితే మూరెడు దూరంలో కొట్టిన చప్పట్లు దొరుకుతాయి, గదిలో అవతలి మూలన ఉన్న పాప ఏడుపు దొరకదు. ప్రీసెట్ (తిప్పి సర్దే రెసిస్టర్) ఎంత తిప్పినా లాభం ఉండదు. అంచుకు తెస్తే ఫ్యాను గాలికే ఎల్ఈడీ మిణుకుమంటుంది. దీని బదులు ఆంప్లిఫయర్ కలిసి ఉన్న మ్యాక్స్4466 మైకు బోర్డు తెచ్చుకుని, దాని అవుట్‌పుట్‌ను విడి ఎల్ఎం393 ఇన్వర్టింగ్ పిన్నుకు ఇవ్వండి. నిశ్శబ్దంలో అది సప్లైలో సగం దగ్గర ఉంటుంది. నాన్ఇన్వర్టింగ్ పిన్నుకు 10 కిలో ఓమ్ ప్రీసెట్‌తో అంతకంటే 0.3 వోల్టు పైన పెట్టి, ఫ్యాను తిరుగుతుండగానే సర్దండి. కంపారేటర్ అవుట్‌పుట్‌కు 10 కిలో ఓమ్ పుల్అప్ (ప్లస్‌కు కలిపే రెసిస్టర్) మరవొద్దు, అది ఓపెన్ కలెక్టర్, తనంతట తాను హై కాలేదు. మ్యాక్స్9814 ఇంకా మంచిదని కొందరు అంటారు గానీ, దానికి ఆటోమేటిక్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఉంటుంది. గది సద్దుమణిగిన కొద్దీ గెయిన్ తనంతట తానే పెరిగి, గడియారం టిక్కుమన్నా పట్టుకుంటుంది. ఈ పనికి అది వద్దు.

రెండో లోపం సర్క్యూట్‌లోదే. కిట్టు షీటు ప్రకారం సెన్సర్ అవుట్‌పుట్‌ను నేరుగా ఎన్‌కోడర్ 14వ పిన్ను టీఈకి (లో అయితే కోడ్ పంపించే పిన్ను) కలపాలి. చప్పట్ల పల్స్ చాలా చిన్నది. టీఈ క్షణం సేపు లో అయితే ఎన్‌కోడర్ ఒక్క విడత, అంటే నాలుగు పదాలు (అదే కోడ్ నాలుగుసార్లు) మాత్రమే, పదో వంతు సెకనులో పంపి ఆపేస్తుంది. అప్పటిదాకా నాయిస్‌లో ఉన్న రిసీవర్ కుదురుకునేలోపే మొదటి పదాలు పోతాయి, మూడు సరిపోల్చడం కుదరదు. అందుకే ఒకసారి మోగి, ఇంకోసారి మోగదు. మధ్యలో ఒక 555 మోనోస్టేబుల్ (చిన్న పల్స్‌ను సాగదీసే టైమర్ సర్క్యూట్) వేస్తే సరి. సెన్సర్ నుంచి 2వ పిన్నుకు, 3వ పిన్ను నుంచి 10 కిలో ఓమ్ మీదుగా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు, కలెక్టర్ నుంచి టీఈకి. 100 కిలో ఓమ్, 22 మైక్రోఫారడ్ వేస్తే 1.1 గుణకంతో 2.4 సెకన్లు కోడ్ వెళ్తూనే ఉంటుంది. 5వ పిన్నుకు 10 నానోఫారడ్, సప్లైకి 100 నానోఫారడ్ పెట్టండి. ఈ ముప్పై రూపాయల సామాను కిట్టులోనే ఇచ్చి ఉండాల్సింది.

రిసీవర్ వైపు బజర్ ఇచ్చారు. వినికిడి లేనివారికి బజర్ ఎందుకు? వైబ్రేటర్ మోటారు ఉండాలి. వీటీ పిన్ను ఇవ్వగలిగేది ఒక మిల్లీ ఆంప్ చిల్లర, మోటారుకు కావలసింది 80 దాకా. షీటులోని బీసీ547 గరిష్ఠ పరిమితే 100, స్టార్టింగ్ కరెంటుకు అది తట్టుకోదు. యూఎల్ఎన్2003 డ్రైవర్ ఐసీ వాడండి. లోపలే డయోడ్లు ఉంటాయి, 9వ పిన్ను ప్లస్‌కు కలపాలి. 3 వోల్టుల మోటారుకు వరసలో 10 ఓమ్, మోటారు రెండు వైర్ల మధ్య 100 నానోఫారడ్ తప్పనిసరి. లేదంటే మోటారు నాయిస్ రిసీవర్‌ను చెవిటిదాన్ని చేస్తుంది.

బజరే ఉంచుకుంటే ఒక జాగ్రత్త. రెండు పెట్టెలూ ఒకే బల్ల మీద పెట్టి పరీక్షించొద్దు. బజర్ మోత మైకుకు వినిపించి మళ్లీ కోడ్ వెళ్తుంది, ఇక ఆగదు. అది కిట్టు లోపం కాదు.

పవర్‌కు 9 వోల్టుల బ్యాటరీ, 7805 (5 వోల్టులకు తగ్గించే రెగ్యులేటర్) ఇచ్చారు. రిసీవర్ రాత్రింబవళ్లు మేలుకుని ఉండాలి. 7805 ఒక్కటే తన కోసం 5 మిల్లీ ఆంపులు తింటుంది, బ్యాటరీ 7 వోల్టులకు దిగగానే 5 వోల్టులు నిలవవు. రెండు రోజులు కూడా రాదు. నాలుగు రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్స్ పెట్టి 7805 తీసేయండి. 4.8 వోల్టులు అన్నిటికీ సరిపోతాయి, 2000 మిల్లీ ఆంప్ అవర్ సెల్స్ అయితే రెండు వారాలు గడుస్తాయి. యాంటెన్నాగా ఇచ్చిన స్ప్రింగు చుట్ట తీసి, రెండు వైపులా 17.3 సెంటీమీటర్ల సింగిల్ స్ట్రాండ్ వైరు నిలువుగా సోల్డర్ చేయండి. రెండు గోడలు దాటి, పై అంతస్తుకు చేరుతుంది.

కిట్లన్నిటికీ ఎనిమిది అడ్రస్ పిన్నులూ గ్రౌండ్‌కే కలిపి పంపుతున్నారు. ప్రాజెక్టు ఎక్స్‌పో రోజు పక్క బల్ల వాళ్లు చప్పట్లు కొడితే మీ బజర్ మోగుతుంది. 8 దారుల డిప్ స్విచ్ (చిన్న స్విచ్‌ల వరస) వేసి, 256లో మీదైన అడ్రస్ రెండు పెట్టెల్లోనూ ఒకటే పెట్టండి.

ఎంత మార్చినా ఇది ఏడుపునూ కుక్కర్ విజిల్‌నూ వేరు చేయలేదు. బతుకమ్మ రోజుల్లో వీధి మైకు మోగుతుంటే అది నిలువెల్లా వణుకుతూనే ఉంటుంది. మైకును తొట్టెల కర్రకు కట్టి, ముందు పలుచటి స్పాంజి పెట్టి, గెయిన్ తగ్గించండి. మంటల హెచ్చరిక లాంటి ప్రాణాపాయం పనులకు దీన్ని వాడొద్దు.

షాపులో మర్యాదగానే మాట్లాడతారు, ఐసీ పోతే విడిగా ఇస్తారు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దాకా పోవాల్సిన పని తప్పుతుంది. డబ్బులిచ్చే ముందు ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత అక్కడే కౌంటర్ మీద పరీక్షించి ఇమ్మనండి. సోల్డరింగ్ పడ్డాక వెనక్కి తీసుకోరు.