సీఎంఈ గంటలు: కాన్ఫరెన్సా, ఆన్‌లైనా, ఊళ్ళో మీటింగా?

డాక్టరుగా రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే సీఎంఈ (నిరంతర వైద్య విద్య) గంటలు చూపాలి. ఆ రెన్యువల్ దగ్గరపడిన జూనియర్లు ఈ మధ్య వరసగా ఒకటే అడుగుతున్నారు: "సర్, ముప్పై గంటలు ఎక్కడ తేలిగ్గా వస్తాయి?" నా రెన్యువల్ ఈమధ్యే అయింది కాబట్టి నా అనుభవం చెప్తాను. "తేలిగ్గా" అన్న మాట మాత్రం పక్కన పెడతాను.

ఐదేళ్ళకు 30 గంటలంటే ఏడాదికి ఆరు. 2002 నాటి డాక్టర్ల ఎథిక్స్ రెగ్యులేషన్లలోని లెక్క ఇది. 2023 ఆగస్టులో ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) తెచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో ఆపేశారు, పాతవే మళ్ళీ అమల్లోకి వచ్చాయి. ఏడాదికి ఆరు గంటలు ఎవరికైనా దొరుకుతాయి. ఆ ఆరు గంటల తర్వాత ఓపీలో నా చెయ్యి ఏమైనా మారిందా? నేను చూసేది అదొక్కటే.

పెద్ద కాన్ఫరెన్స్‌తో గంటలు ఒక్కసారిగా కలిసొస్తాయి. కొత్త గైడ్‌లైన్లు రాసినవాళ్ళ నోటే వినొచ్చు, బ్యాచ్‌మేట్లు కనిపిస్తారు. కానీ ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్ళాలంటే రెండు మూడు రోజులు క్లినిక్ మూయాలి, డెలిగేట్ ఫీజు, హోటల్ ఖర్చు పెట్టుకోవాలి. మూడు హాళ్ళలో ఒకేసారి ప్రసంగాలు నడుస్తుంటే ఒకటి వింటాం, రెండు పోతాయి. ప్రశ్న అడిగేలోపే బెల్లు కొడతారు. ఆ ఖర్చు మందుల కంపెనీ మీద వేసే ఆలోచన మాత్రం వద్దు. డెలిగేట్‌గా వెళ్ళడానికి కంపెనీల నుంచి ప్రయాణ ఖర్చులు తీసుకోకూడదని ఆ ఎథిక్స్ రెగ్యులేషన్లకు చేసిన 2009 డిసెంబరు సవరణలోనే ఉంది. కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకలకు పన్ను మినహాయింపు లేదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. మన డబ్బులతో రెండేళ్ళకోసారి వెళ్ళినా చాలు.

ఆన్‌లైన్ సుఖం వేరు. రాత్రి ఓపీ అయ్యాక ఇంట్లో కూర్చుని వినొచ్చు. ఈసీజీలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు, అర్థంకాని ట్రేసింగ్ దగ్గర ఆపి పదిసార్లు చూసుకోవచ్చు. అయితే ఒకసారి నేను వారాల తరబడి కూర్చున్న వెబినార్ సిరీస్‌కు సర్టిఫికెట్ వచ్చింది కానీ, దానిమీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన క్రెడిట్ అవర్స్ (లెక్కకొచ్చే గంటలు) లేవు. ఒక్క గంట కూడా లెక్కకు రాలేదు. చాలా బాధేసింది. రిజిస్టర్ అయ్యే ముందే మన రాష్ట్ర కౌన్సిల్ అనుమతి ఉందా, ఎన్ని గంటలిచ్చారో చూసుకోండి.

పేపర్లు రాయడం, ఉపన్యాసాలివ్వడం మెడికల్ కాలేజీల్లో ఉన్నవాళ్ళకు బాగుంటుంది. క్లినిక్ ఒక్కరే నడిపేవాళ్ళకు కుదిరే పని కాదు.

నా ఓటు ఊళ్ళో ఐఎంఏ (ఇండియన్ మెడికల్ అసోసియేషన్) బ్రాంచ్ మీటింగ్‌కు. ఒక ఆదివారం ముప్పై మందిమి ఉన్నాం. మా సీనియర్ ఒకాయన తన కేసు చెప్పారు: పది రోజుల జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, డెంగీ నెగెటివ్. "పేషెంట్ చొక్కా విప్పించి చూశారా?" అని హాలంతా కలయజూశారు. తర్వాతి స్లైడ్‌లో చంక కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు. స్క్రబ్ టైఫస్ ఎస్కార్, అంటే ఆ జ్వరం తెచ్చే చిన్న పురుగు కుట్టిన చోట కట్టే పక్కు. నొప్పి ఉండదు కాబట్టి పేషెంట్ తనంతట తాను చెప్పడు. వెనక వరసలోంచి ఒక పిల్లల డాక్టరు లేచి, తాను చెవి వెనక చూసిన కేసు చెప్పింది. ఇంకొకాయన గజ్జల్లో చూశానన్నాడు. పదిరోజులు తిరక్కుండానే నా ఓపీకి జ్వరంతో ఒక కూలీ వచ్చింది. సిస్టర్‌ను పిలిచి పరదా వేయించి చూస్తే, రొమ్ము కింది మడతలో అదే పక్కు. ఆ పూటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాను, రెండో రోజుకు జ్వరం దిగింది. పాఠం పుస్తకంలో నేను చదవనిది కాదు, కానీ అంతకుముందు చొక్కా విప్పించి వెతికే అలవాటు నాకు లేదు.

వైద్య పరిశోధనలను కలిపి తూచే కొక్రేన్ సంస్థ 2009 సమీక్ష 81 ట్రయల్స్ చూసి దాదాపు ఇదే చెప్పింది: వట్టి ఉపన్యాసం కంటే చర్చ కూడా కలిసిన మీటింగులు ఎక్కువ ఫలితమివ్వచ్చని.

దీనికి జతగా ఏడాదికో హ్యాండ్స్-ఆన్ వర్క్‌షాప్ పెట్టుకోండి. సీపీఆర్‌లో (గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కడంలో) ఛాతీ 5 సెంటీమీటర్లు దిగాలని మనందరికీ తెలుసు. మోకాళ్ళ మీద కూర్చుని బొమ్మను నొక్కినప్పుడు రెండు నిమిషాలకే నా భుజాలు లాగేశాయి, లోతు తగ్గిపోయింది. నొక్కే మనిషి మారాలని ఎందుకంటారో అప్పుడు అర్థమైంది.

నిన్న ఫోన్ చేసిన జూనియర్ తను చూసిన కట్లపాము కేసు చెప్పాడు. ఒంటిమీద కాటు గుర్తు లేదు, తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చి, కాసేపటికి రెప్పలు వాలిపోయాయట. "తమ్ముడూ, వచ్చే మీటింగ్‌లో ఇది నువ్వే చెప్పు" అన్నాను. స్లైడ్లు చేస్తున్నాడు.