24 వేల కిలోమీటర్లు నడిచాక నా చైన్ సెట్ సంగతి

ఉండేది బెంగళూరు కె.ఆర్. పురంలో. వారమంతా రింగ్ రోడ్డు ట్రాఫిక్, ఆదివారమైతే కోలారు వైపో రామనగర వైపో మట్టిదారులు. నా అడ్వెంచర్ బండికి ఇది రెండో చైన్ సెట్. మొదటిది 9 వేలకే పోయింది. ఇది 24 వేలు దాటినా గట్టిగానే ఉంది. రెండూ ఒకే రకం: 520 సైజు ఓ-రింగ్ చైన్ (లింకుల లోపలి గ్రీజు పోకుండా రబ్బరు రింగులుంటాయి), ముందొకటి వెనకొకటి స్టీల్ స్ప్రాకెట్లు, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రాలు. తేడా అంతా చూసుకోవడంలోనే. అందుకే మొదటిది ఎలా పోయిందో ముందు చెప్పాలి.

ఒక వానాకాలం వాగు దాటి వచ్చిన వారానికి, నెమ్మదిగా పోతుంటే టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. చైన్ లూజైందనుకుని బిగించాను. రెండు వందల కిలోమీటర్లకు మళ్లీ అదే చప్పుడు, మళ్లీ బిగించాను. మూడోసారి మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లాను. మదనపల్లె మనిషి. పానా ముట్టకుండా వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. ఒకచోట చైన్ వేలాడుతోంది, ఇంకాస్త తిప్పితే తీగలా బిగుసుకుంటోంది.

"ఇది సాగడం కాదబ్బా, లింకులు పట్టేసినాయి" అన్నాడు.

దగ్గరగా చూస్తే నాలుగు లింకులు స్ప్రాకెట్ దాటాక కూడా తిన్నగా కాకుండా మెలికతోనే ఉన్నాయి. పక్కన ఎర్రటి తుప్పు పొడి. నేను ప్రెషర్ వాష్ కొట్టి, పెట్రోలు పోసి, తీగల బ్రష్‌తో రుద్దేవాణ్ని. ఓ-రింగులు దెబ్బతిని లోపలి గ్రీజు పోయింది. పైగా లూజుగా ఉన్నచోట చూసి బిగిస్తుంటే, టైటుగా ఉన్నచోట ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతోంది. కవర్ విప్పితే ముందు స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకి వాలి కొక్కేల్లా ఉన్నాయి. వెనకది చూడ్డానికి బాగానే ఉంది. ముందుదానికి పళ్లు తక్కువ, కాబట్టి ఒక్కో పన్ను మీద పని ఎక్కువ. చైన్ ఒక్కటే మారుద్దామంటే అన్న ఒప్పుకోలేదు, అరిగిన పళ్లు కొత్త చైన్‌నీ తినేస్తాయన్నాడు. జె.సి. రోడ్డుకెళ్లి చైన్, రెండు స్ప్రాకెట్లు మూడూ కొన్నాను.

ఇప్పుడు 500 కిలోమీటర్లకోసారి, బురదలో తిరిగితే ఆ సాయంత్రమే, ఇంజన్ ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ కిరోసిన్, మెత్తటి బ్రష్‌తో కడుగుతాను. తర్వాత 90 గేర్ ఆయిల్, ఎక్కువైంది పాత పంచె ముక్కతో తుడిచేస్తాను. రిమ్ము మీద చిమ్ముతుంది, అయినా నాకు జిగట స్ప్రేలకన్నా ఇదే నచ్చింది. ఎర్రమట్టి తక్కువ అంటుతోంది.

స్లాక్, అంటే చైన్ వదులు, మాత్రం బాగా టైటుగా ఉన్నచోటే కొలవాలి. ఇలాంటి బండికి సస్పెన్షన్ ప్రయాణం, అంటే చక్రం పైకీ కిందికీ కదిలే దూరం, ఎక్కువ. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి ఊగే కీలు), వెనక ఇరుసు ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే ఎక్కువ బిగుస్తుంది. స్టాండ్ మీద చక్కగా కనిపించిన చైనే గుంతలో దిగేసరికి లాగేస్తుంది. అందుకని తమ్ముణ్ని, వాడి ఫ్రెండ్‌నీ సీటు మీద కూర్చోబెట్టి, అప్పుడు కూడా కాస్త వదులు మిగిలేలా సెట్ చేశాను. సాగుడు తెలియాలంటే పిన్ను నుంచి పిన్నుకి 20 పిచ్‌లు (పక్కపక్క పిన్నుల మధ్య దూరం ఒక పిచ్) కొలుస్తాను. కొత్తలో 317.5 మి.మీ., ఇప్పుడు 320. 323 అయితే మార్చేస్తాను.

ఒక్క లోటు, ప్లేట్ల పైపూత మొదటి వానలకే పోయి మచ్చలొచ్చాయి.

వచ్చే వారం సకలేశపుర వెళ్తున్నాం. నిన్న రాత్రి ముందు కవర్ విప్పి టార్చి వేసి చూశాను. పళ్లు రెండు వైపులా ఇంకా సమానంగానే ఉన్నాయి.