మెక్‌డవెల్‌లో పది వారాలు: ఒక స్వరకర్త అనుభవం

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, పీటర్‌బరో అనే చిన్న ఊరిని ఆనుకున్న అడవిలో ఉంది మెక్‌డవెల్, కళాకారులు కొన్ని వారాలు బస చేసి తమ పని చేసుకునే కేంద్రం. అక్కడ నేను చలికాలంలో ఆరు వారాలు, మరో ఏడాది వేసవిలో నాలుగు వారాలు ఉండి, వీణకూ నాలుగు పాశ్చాత్య తంత్రీ వాద్యాలకూ కలిపి ఒక రచన పూర్తి చేశాను. స్వరకర్త ఎడ్వర్డ్ మెక్‌డవెల్, పియానో విద్వాంసురాలైన ఆయన భార్య మేరియన్ 1907లో దీన్ని స్థాపించారు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూయగా, ఆమె ఊరూరా కచేరీలు చేసి, ఉపన్యాసాలిచ్చి, విరాళాలు కూడబెట్టి నిలబెట్టారు. బసకూ భోజనానికీ డబ్బు తీసుకోరు.

ఇక్కడి ఏర్పాట్లలో నేను అన్నిటికంటే మిన్నగా భావించేది మధ్యాహ్న భోజనం బుట్ట. ఉదయం, రాత్రి అందరం ఒకచోట కూర్చుని తింటాం. మధ్యాహ్నం మాత్రం బుట్టను ఒక్కొక్కరు పనిచేసుకునే కుటీరం వసారాలో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోతారు. పిలవనిదే ఒకరి కుటీరానికి మరొకరు వెళ్ళరు. మనసులో రూపు కడుతున్న సంగతి తలుపు చప్పుడుకు చెదిరితే మళ్ళీ చిక్కదని స్వరరచన చేసే ప్రతివారికీ తెలుసు. ఒకరోజు తోడి రాగం ఆలాపన రాసుకుంటూ ఉండిపోయి, ఆకలి గుర్తొచ్చి తలుపు తీసేసరికి, గాలికి కొట్టుకొచ్చిన మంచు బుట్ట మూత మీద వేలెడు మందాన పేరుకుని ఉంది.

చలికాలంలో వెళ్ళే వైణికులకు ఒక హెచ్చరిక. నాది పనస మొద్దును తొలిచి చేసిన బొబ్బిలి వీణ. మొదటి రాత్రి దాన్ని నిప్పుగూటికి దగ్గరగా ఉంచడం నా పొరపాటు. తెల్లవారేసరికి మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి, గాంధారం మెట్టు పక్కకు ఒరిగింది. మైనాన్ని వేలితో ఒత్తుకుంటూ, శ్రుతి సరిచూసుకుంటూ దాన్ని నిలబెట్టడానికి రెండు రోజులు పట్టింది.

శిష్యుల పాఠాల నడుమ బతికిన చెవికి తొలివారం ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది. కుటీరం గోడలకున్న చెక్క పలకల మీద అంతకుముందు అక్కడ ఉన్నవారి సంతకాలు చదువుకుంటూ గడిపాను. ఆరన్ కోప్లాండ్, లియొనార్డ్ బెర్న్‌స్టైన్ వంటి అమెరికన్ స్వరకర్తలు పనిచేసిన ఆవరణ ఇది. స్వరకర్త ఎమీ బీచ్ 1921లో ఇక్కడే హెర్మిట్ థ్రష్ అనే పక్షి పాటను విని, స్వరాలుగా రాసుకుని, రెండు పియానో రచనలు చేశారు. వేసవి సాయంత్రాల్లో నేనూ ఆ పక్షిని విన్నాను: ఒక నిడుపాటి స్వరం నిలిపి, దాని వెంట సన్నని బిర్కాలు (వేగంగా దొర్లే స్వరాలు) వేసి, ఆగి, వేరొక శ్రుతిలో మళ్ళీ ఎత్తుకుంటుంది. నా రచనలో ఆలాపన భాగపు విరామాలను దాని కొలతతోనే పెట్టుకున్నాను.