కార్డు కొనాలా, ర్యామ్ వేయించాలా: జీనోమ్ అసెంబ్లీకి ఏది మేలు?

లాంగ్ రీడ్స్‌తో, అంటే సీక్వెన్సర్ చదివిచ్చే పొడవాటి డీఎన్ఏ ముక్కలతో జీనోమ్ (జీవి మొత్తం డీఎన్ఏ) కట్టే చిన్న ల్యాబ్‌లో కాస్త గ్రాంటు మిగిలితే మొదలయ్యే చర్చే ఇది. ఉన్న డబ్బుతో, వేల లెక్కలు ఒకేసారి చేసే జీపీయూ కార్డు కొందామా, ర్యామ్ పెంచి కోర్లు ఎక్కువున్న సీపీయూ తీసుకుందామా? కుర్రాళ్ల ఓటు ఎప్పుడూ కార్డుకే. నా ఓటు ర్యామ్‌కి.

అసెంబ్లీ అంటే ఒకే పని కాదు. రీడ్స్‌లో ఏది దేనిమీద అతుకుతుందో వెతకాలి, ఆ అతుకుల పటం, అంటే గ్రాఫ్ కట్టాలి, చివర్లో తప్పులు దిద్దాలి. ఈ దిద్దుబాటునే పాలిషింగ్ అంటాం. మొత్తం 10 గంటలు పడుతోందని, అందులో పాలిషింగ్‌కి 4 గంటలని అనుకుందాం. జీపీయూ దాన్ని పది రెట్లు వేగంగా, అంటే 24 నిమిషాల్లో ముగించినా మొత్తం పని 6 గంటల 24 నిమిషాలు. రెట్టింపు వేగం కూడా రాలేదు.

అయితే పాలిషింగ్‌లో మాత్రం జీపీయూకి తిరుగులేదు. రేకాన్ అనే పాలిషింగ్ ప్రోగ్రామ్ సంగతే చూడండి. డ్రాఫ్ట్‌ని, అంటే ఇంకా దిద్దని జీనోమ్‌ని మామూలుగా 500 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) కిటికీలుగా కోస్తుంది. ఒక్కో కిటికీలో పడ్డ రీడ్స్‌ని పేర్చి, ఎక్కువమంది చెప్పిన అక్షరాన్ని ఖాయం చేస్తుంది. ఏ కిటికీకీ పక్కదానితో పనిలేదు. పెళ్లి వంటకి వందమంది కూర్చుని ఉల్లిపాయలు తరిగినట్టన్నమాట. ఎన్విడియా వాళ్ల కూడాపోవా లైబ్రరీ ఈ కిటికీలని గుంపులుగా కార్డుమీదకి పంపుతుంది. కార్డులో ఇమడనివి మళ్లీ సీపీయూకే వస్తాయి. ఈ.కోలై బ్యాక్టీరియాకి ఇలాంటి కిటికీలు 9 వేల పైచిలుకు, సీపీయూకి అదేమంత పని కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 2012లో డ్రాఫ్ట్ వెలువడిన కంది జీనోమ్ సుమారు 83 కోట్ల బేస్‌లు, అంటే 16 లక్షలకు పైగా కిటికీలు. కార్డు విలువ అక్కడ తెలుస్తుంది.

గ్రాఫ్ దగ్గర కథ వేరు. ఒక ఇంట్లో చిరునామా అడిగి ఇంకో వీధికి, అక్కడ అడిగి మరో వీధికి పరుగెత్తినట్టుంటుంది మెమరీలో తిరుగుడు. పైగా 24 జీబీ కార్డులో అంత గ్రాఫ్ పట్టదు. మనిషి జీనోమ్‌ని హైఫైయాసమ్ అనే అసెంబ్లీ ప్రోగ్రామ్‌తో కడితే ర్యామ్ వంద జీబీ ప్రాంతానికి చేరుతుంది. ర్యామ్ చాలకపోతే రాత్రంతా నడిచిన జాబ్ తెల్లారేసరికి ‘కిల్డ్’ అని ఒక్క ముక్క రాసి ఆగిపోతుంది. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు. మెల్లగా నడిచే జాబ్ ఎప్పటికైనా పూర్తవుతుంది, చచ్చిన జాబ్ పూర్తికాదు.

గ్రాఫ్ పని జీపీయూకి అసలు పడదని కాదు. 2015లో వచ్చిన మెగాహిట్ అనే అసెంబ్లీ ప్రోగ్రామ్, మట్టి నమూనాలోని సూక్ష్మజీవుల 25,200 కోట్ల బేస్‌ల డీఎన్ఏ రీడ్స్‌ని కార్డుతో 44.1 గంటల్లో, కార్డు లేకుండా 99.6 గంటల్లో కట్టింది. కాకపోతే దాన్ని రాసినవాళ్లు గ్రాఫ్ కట్టడాన్నే సార్టింగ్ పనిగా మార్చి రాసుకున్నారు. కార్డు గుచ్చగానే దానంతటదే వచ్చే వేగం కాదది.

నానోపోర్ సీక్వెన్సర్ ఇచ్చే సిగ్నల్‌ని మీ ల్యాబ్‌లోనే డీఎన్ఏ అక్షరాలుగా మార్చుకుంటున్నారా? అయితే నా ఓటు మార్చుకుంటా. ఆ పని చేసే డొరాడో ప్రోగ్రామ్‌లో మంచి మోడల్‌ని సీపీయూమీద నడపడం అయ్యే పని కాదు, ముందు కార్డే కొనండి. రీడ్స్ బయటినుంచి తయారుగా వస్తుంటే మాత్రం ఒక్కో దశనీ టైమ్ కమాండ్‌తో (/usr/bin/time -v) నడిపి ఎంతసేపు పట్టిందో, ఎంత ర్యామ్ తిన్నదో చూసుకుని అప్పుడు కొటేషన్ అడగండి.